కొట్టివేసిన వెల

ఆషాఢమాసము వచ్చినదనగా మన పట్టణములలోని బట్టల దుకాణములకు తోరణములు కట్టుదురు. అది ముహూర్తములు లేని మాసము గనుక పెండ్లి బేరములుండవు. బేరములు లేనంతమాత్రమున గుమాస్తాల జీతములాగవు. కావున వర్తకుడు నిలువయున్న సరుకును తగ్గింపు వెలకు వదలించుకొని, శ్రావణమున రానున్న క్రొత్త చీరలకు అరలలో చోటు చేసికొనును. ఇందులో గూఢమేమియు లేదు, ఉభయులకును లాభమే. చిత్రమేమనగా, ఇంచుమించు ఆ దినములలోనే, జూన్ నెలాఖరున, అమెరికా దేశపు వాల్వ్ సంస్థ 2003వ సంవత్సరము నుండి నడుపుచున్న స్టీమ్ అను వీడియో గేముల అంగడిలో వేసవి తగ్గింపు అమ్మకము ఆరంభమగును. తల్లి చీరల దుకాణమునకు బయలుదేరుచుండగా, కుమారుడు లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి, 75 శాతము, 80 శాతము, 90 శాతము అని ఆకుపచ్చని పెట్టెలలో వెలుగుచున్న అంకెలను కన్నార్పక చూచుచుండును. ఇరువురును ఒకే వ్రతము పట్టినట్లు కనబడుదురు గాని, వ్రతఫలము మాత్రము వేరు వేరు.

చీరల వర్తకునకు అర యను ఇబ్బంది కలదు. ఆటల వర్తకునకు అది లేదు. ఒకప్పుడుండెను. ఆటలను ప్లాస్టిక్ డబ్బాలలో బిగించి అమ్మిన కాలమున, 1982లో, అటారీ సంస్థ 'ఇ.టి.' చలనచిత్రము పేరిట ఒక ఆటను తొందరపడి చేయించి, అమ్ముడుపోవుదానికంటె మిక్కుటముగా డబ్బాలు నింపి, మరుసటి ఏట ఆ మిగులు సరుకును న్యూ మెక్సికో రాష్ట్రములోని అలమగార్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్పించినది. 2014లో త్రవ్విచూడగా ఆ డబ్బాలు బయటపడినవి కూడ. నేటి ఆటకు డబ్బాయే లేదు, పూడ్చుటకు ఎడారియు నక్కరలేదు. వేయిమందికి అమ్మినను పదిలక్షలమందికి అమ్మినను అదనపు ప్రతికి అగు ఖర్చు ఇంచుమించు సున్న. కావున 90 శాతము తగ్గింపును చూచి, వర్తకుడు నష్టమునకు తెగించినాడనియో, ఆలసించినచో సరుకు అయిపోవుననియో తలచుట పొరపాటు. అయిపోవుటకు అక్కడ సరుకే లేదు.

మరి ఆ తగ్గింపు ఎందులకు? కొనువారిని వారివారి ఓర్పును బట్టి వరుసలో నిలువబెట్టుటకు. మామిడిపండ్ల కాలమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తొలికాపు బంగినపల్లి బజారునకు వచ్చిననాడు ఆశ ఆపుకొనలేనివాడు చెప్పిన వెల ఇచ్చి కొనును. మే మాసము నడిమికి బండ్లు బారులు తీరి, వెల దిగి, సామాన్యుడు బుట్టతో ఇంటికి తెచ్చుకొనును. ఆటల వెలయు నిట్లే మెట్లు దిగుచుండును: విడుదలనాడు పూర్తి వెల, కొన్ని మాసములకు ఐదవవంతు తగ్గింపు, ఏడాది రెండేండ్లకు సగము, మరికొంత కాలమునకు ముప్పాతిక. అయినను మామిడికిని ఆటకును ఒక భేదము కలదు. ఈ అధ్యాయమంతయు దానిపైననే నిలిచియున్నది. నిలువయుంచినకొలది పండు మురిగిపోవును. ఆట మురిగిపోదు సరికదా, పండును. మామిడి ఋతువు ఏడాదికొక్కటే. తగ్గింపు ఋతువులో, స్టీమ్ అంగడి యొక్కదానిలోనే వసంతమునకొకటి, వేసవికొకటి, శరత్తునకొకటి, శీతకాలమునకొకటి చొప్పున నాలుగు పెద్దవి కలవు. నడుమ వచ్చు చిన్నవాటికి లెక్కయే లేదు. నేడు 75 శాతము తగ్గిన ఆట మరికొన్ని మాసములకు ఆ వెలకో అంతకు తక్కువకో మరల వచ్చుట సర్వసామాన్యము. పోయినచో రాదన్న భయమే మనచేత కొనిపించునది. ఆ భయమునకు ఆధారము మిక్కిలి స్వల్పము. కావున నేను చెప్పదలచిన సూత్రము చిన్నది: నేడు కొనుటకు తగిన కారణము నేడు ఆడుట యొక్కటియే. ఈ రాత్రి మొదలుపెట్టని ఆటను ఈ రాత్రి కొనవలసిన పని లేదు.

ఇంత చిన్న మాట బుద్ధికెక్కినను చేతికెక్కదు. అందులకు కారణము ప్రక్కన గీత గీసి కొట్టివేసియున్న పాత వెల. ఏ వస్తువున కెంత ఇయ్యవచ్చునో మనస్సునకు స్వతస్సిద్ధముగా తెలియదు. మొదట కంటబడిన అంకెకు లంగరు వేసిన పడవవలె కట్టుపడి, కొంచెమిటు కొంచెమటు ఊగులాడునే గాని దూరము పోజాలదు. అమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమునందు ఈ లంగరు సంగతి కలదు. తదుపరి 2017లో నోబెల్ బహుమానమందిన రిచర్డ్ థేలర్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు 1985లోనే మరియొక భేదమును చూపియుండెను: వస్తువు వలన కలుగు తృప్తి వేరు, బేరము వలన కలుగు తృప్తి వేరు. ఆటను ఆడినంతకాలము మొదటిది మనతో నుండును. రెండవది డబ్బు చెల్లించిన నిమిషముననే పుట్టి, మరునాటికే చల్లారును. చల్లారినదానిని మరల రగిల్చుటకు మరియొక బేరము కావలెను.

ఈ రెండవ తృప్తి బలమెంతటిదో అమెరికాలోని జె.సి. పెన్నీ అను దుకాణముల సంస్థ చేయి కాల్చుకొని తెలిసికొన్నది. ముందు వెల పెంచి పిదప తగ్గించు ఈ నాటకమెందులకని, దాని అధిపతియైన రాన్ జాన్సన్ 2012లో కూపన్లను, అమ్మకపు పండుగలను తీసివైచి, అన్ని దినములయందును ఒకే న్యాయమైన వెల యుంచెను. జనులు మెచ్చుకొనలేదు సరికదా, రాక మానివైచిరి. ఆ ఏటి అమ్మకములు నాలుగవవంతు పడిపోయినవి. 2013 ఏప్రిలులో ఆయన పదవియు పోయినది. న్యాయము పలికినందుకు ఇంత శిక్ష పడిన వర్తకుని కథ విన్నప్పుడెల్ల నాకు వర్తకులపై కోపము తగ్గి, కొనువారిపై, అనగా నాపై, కొంత హెచ్చుచుండును.

నేనవలంబించు ఉపాయము మొరటుది. తెరపైనున్న పాత వెలను, శాతమును బొటనవ్రేలితో మూసి, మిగిలిన అంకెను మాత్రమే చదువుదును. 'ఈ ఆట 600 రూపాయలు' అని పైకి చదివిన పిదప కూడ కోరిక నిలిచియున్నచో, అది ఆటపైనున్న కోరికయని నమ్మవచ్చును. మన దేశమునకు సంబంధించినంతవరకు శాతమును మూసివేయుటకు మరియొక హేతువు కూడ నున్నది. కొందరు ప్రచురణకర్తలు మన ఆదాయములను గమనించి రూపాయల వెలను వేరుగా నిర్ణయింతురు. కొందరు డాలరు వెలను గుణించి అట్లే మన మొగమున వేయుదురు. అట్టిచో రెండవవాని సగము వెల మొదటివాని పూర్తి వెలకంటె అధికమగుటయు కలదు. ఇక ఆట పాతవెలల చరిత్రను స్టీమ్‌డీబీ అను చోట ఎవరైనను చూడవచ్చును; 'అపూర్వమైన తగ్గింపు' అన్న మాట వినబడినప్పుడు అపూర్వమగునో కాదో అక్కడ ఒక నిమిషములో తేలిపోవును.

మొన్నటి వేసవి తగ్గింపులో, గచ్చిబౌలిలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఫోను చేసెను.

"మామయ్యా, ఐదు ఆటలు కొన్నాను. మొత్తం పద్నాలుగు వేలవి మూడు వేలకే వచ్చాయి. అంటే పదకొండు వేలు మిగిలాయన్నమాట."

"సంతోషంరా. ఆ మిగిలిన పదకొండు వేలూ ఏ బ్యాంకులో వేశావు?"

వాడు నవ్వి ఊరకుండెను. నేను మాత్రము ఊరకుండలేక, వారమునకెన్ని గంటలు ఆడగలవని అడిగితిని. శనివారమొక మూడు, ఆదివారమొక మూడు, ఆరు గంటలనెను. ఆ ఐదును పెద్ద కథలు గల ఆటలే. ఒక్కొక్కటి ముగించుటకు ఏబది గంటలైనను పట్టును. ఐదింటికి 250 గంటలు; వారమునకు ఆరు గంటల చొప్పున ఇంచుమించు 42 వారములు. అనగా ఆ ఒక్క రాత్రి వాడు కొన్నది ఒక సంవత్సరపు సెలవుదినములు. అవి తీరులోపల మరి మూడు ఋతువుల తగ్గింపులు వచ్చి పోవును. ఐదవ ఆటను తెరచునాటికి దాని వెల వాడిచ్చినదానికంటెను దిగియుండును. తొందరపడి చౌకగా కొని, చివరకు అధికముగా చెల్లించినవాడగును. ఈ లెక్కను కాగితముపై వేసినప్పుడు నేను వానిని వెక్కిరించుటకు వేయలేదు. నా లెక్క వేసి చూచుకొనగా అంతకంటె హీనముగా నున్నది.

వెంటనే ఆడుటకే కొనవలెనన్నదానికి మరియొక బలమైన కారణము కలదు. దీనిని చాలమంది గమనింపరు. 2015 నుండి స్టీమ్ అంగడిలో కొన్న ఆటను తిరిగి ఇచ్చివేయవచ్చును. కొని 14 దినములు దాటకుండవలెను, ఆడినది రెండు గంటలకు లోబడియుండవలెను. రెండు గంటలనగా ఒక సినిమా అంత కాలము. ఆట మన యంత్రముపై సాఫీగా నడచునో తడబడునో, దాని నడక మనకు సరిపడునో లేదో తెలిసికొనుటకు చాలును. కాని గుట్టగా ఐదు కొని మొదటిదానిని మాత్రమే తెరచినవానికి తక్కిన నాలుగింటి విషయమున ఆ 14 దినములు తెరవకుండగనే గడచిపోవును. ఆడనందుకు శిక్ష యనుకొనుడు. కొన్ని ఆటలు దించుకొనుటకే దినములు పట్టును: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కంప్యూటరులో 150 జీబీ చోటడుగును. హాస్టలులోనో అద్దెగదిలోనో నుండి, పదిమందితో పంచుకొన్న వైఫైపై దానిని దించుకొనువాడు, డబ్బు చెల్లించుటకు ముందే, తన యంత్రమున అంత చోటున్నదా, తన రాత్రి యందులకు చాలునా యని చూచుకొనవలెను.

ఆట పండునని పైన అంటిని. పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ వారి సైబర్‌పంక్ 2077 అను ఆట 2020 డిసెంబరు 10వ తేదీన, ఎంతో ఆర్భాటముతో వెలువడినది. పాత యంత్రములపై అది ఎంత లోపభూయిష్టముగా నుండెననగా, సోనీ సంస్థ దానిని తన అంగడి నుండి ఇంచుమించు వారమునకే తొలగించి, కొన్నవారికి డబ్బు తిరిగియిచ్చుట కంగీకరించినది. మరల 2021 జూన్‌లో గాని అచ్చట పెట్టలేదు. అదే ఆట వరుస సవరణల వలన చక్కబడి, 2023లో పెద్ద సవరణతోను, క్రొత్త కథాభాగముతోను ప్రశంసల నందుకొన్నది. విడుదలనాడు పూర్తి వెల ఇచ్చినవానికి పచ్చికాయయు, మూడేండ్లు ఆగినవానికి సగము వెలకు మాగినపండును దక్కినవి. ఆగుటలో ఇంత లాభమున్నప్పుడు, తగ్గింపు గడియారము చూపి మనలను తరుముచున్నవాని మాట వినవలసిన అగత్యమేమి?

పుస్తకములను కూడ చదువకుండ కొందుము గదా, దానికిని దీనికిని భేదమేమని ఒక మిత్రుడు నన్నడిగెను. ప్రశ్న నన్ను గురిచూచి వేసినదే; ఆదివారము ఆబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకములు కొనుటలో నాకు సిగ్గు లేదు. భేదమున్నది. చదువని పుస్తకమును మేనకోడలి కీయవచ్చును, గ్రంథాలయమునకు పంపవచ్చును, తుదకు అదే కాలిబాటపై అమ్మవచ్చును. 'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' యని మన పెద్దలన్నారు. ఈ ఆటల విషయమున అమ్మబోవుటకు అడవియు లేదు. మనము కొన్నది ఆట కాదు, ఆడుకొనుటకు అనుమతి మాత్రమే. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన 'ది క్రూ' అను కార్ల పందెముల ఆట ఎల్లప్పుడును ఆ సంస్థ సర్వర్లతో ముడివడి యుండెడిది. 2024 మార్చి 31న ఆ సర్వర్లను మూసివేయగా, డబ్బిచ్చి కొన్నవారికిని ఆట లేకుండ పోయినది. ఇట్టి సంగతుల తరువాతనే కాలిఫోర్నియా రాష్ట్రము, అనుమతిని అమ్ముచు 'కొనుడు' అని వ్రాయువారు అది అనుమతియేయని స్పష్టముగా చెప్పవలెనని శాసనము చేసినది. 2025 నుండి అది అమలులో నున్నది. తాళములేని ఆటలనమ్ము జీఓజీ వంటి అంగడులును లేకపోలేదు. అక్కడ కొన్నదానిని మన డిస్కులో దాచుకొనవచ్చును. దాచుకొనదగిన ఆటయైనచో నేనచ్చటనే వెదకుదును.

గంటకెంత పడినదను లెక్క యొకటి ఆటగాండ్రలో వ్యాపించియున్నది. రెండు వందల రూపాయలకు నూరు గంటల ఆట, గంటకు రెండు రూపాయలే. సినిమా టిక్కెట్టుతో పోల్చిన ఎంత చౌకయని వారి వాదము. ఈ వాదము నాకెన్నడును రుచింపలేదు. పెసరట్టును చదరపు అంగుళముల లెక్కన కొందుమా? 2012లో వచ్చిన 'జర్నీ' అను ఆట రెండు గంటలలో ముగియును. ఇసుకలో నడుచుచు కొండనెక్కుట తప్ప అందు వేరొండు లేదు. దానిని ముగించి కన్నీరు తుడుచుకొన్నవారిని నేనెరుగుదును. అరువది గంటల ఆటలో నలుబది గంటలు మూటలు మోయుటకును, గుర్తులు వెదకుటకును చెల్లిపోయినవానినెరుగుదును. నిడివి తక్కువగుట గృహస్థునకు లోపము కాదు, గుణము.

మూల ఆటను మిక్కిలి చౌకగానో ఉచితముగానో ఇచ్చి, దాని భాగములను పూర్తి వెలకమ్ము పద్ధతి కలదు. 'ది సిమ్స్ 4' మూల ఆట 2022 అక్టోబరు నుండి ఉచితము. అదనపు ప్యాకులన్నియు కొన్నచో ఒక మంచి కంప్యూటరు వెలకు దూరముండదు. ఏనుగు నిచ్చి అంకుశము దాచుకొన్నట్లన్న మాట మనవారెప్పుడో అన్నారు. కొనుటకు ముందు ఆ అదనపు భాగముల పట్టికను తెరచి, అవి లేకుండ మూల ఆట స్వయంసమృద్ధమగునో కాదో చూడవలెను. సమృద్ధము కానిచో అన్నియు చేర్చిన సంపుటము తగ్గువరకు ఆగవలెను. 2018లో ఆరంభమైన ఎపిక్ అంగడియో ప్రతివారము ఒక ఆటనైనను ఉచితముగా పంచుచున్నది. ఉచితమునకు ఈ అధ్యాయపు నియమము వర్తింపదని వాదింపవచ్చును గాని, ఏమేమి తీసికొంటిమో మనకే తెలియనంత పోగుపడుట యందును కలదు.

ఆగరాని సందర్భములు రెండు మూడు నాకు తోచుచున్నవి. మిత్రులందరు కలసి ఈ మాసమున ఒక ఆట ఆడుచున్నచో, వారితో కూడుటకే కొనవలెను. ఏడాది తరువాత సగము వెలకు కొన్నను ఆ గుంపు అక్కడ నుండదు. అంగడి నుండి తొలగిపోనున్న ఆట రెండవది. నిజమైన కార్ల పేర్లను, పాటలను అనుమతిపై వాడుకొన్న ఆటలకు ఆ గడువు తీరగనే అమ్మకము నిలిచిపోవును. ఫోర్జా హొరైజన్ 4 ఇట్లే 2024 డిసెంబరులో అంగళ్ళనుండి పోయినది. అట్టి దానిపై నిజమైన మక్కువ యున్నచో ఆ చివరి తగ్గింపు చివరిదేయగును. ఇక మూడవది నా పక్షపాతము. స్టార్‌డ్యూ వ్యాలీ అను పల్లెటూరి ఆటను ఎరిక్ బరోన్ అను నొక్కడు ఏండ్ల తరబడి ఒంటరిగా కూర్చుండి, బొమ్మలు, సంగీతము, కథ సమస్తము తానే సమకూర్చి 2016లో విడుదల చేసెను. వెల పదిహేను డాలర్లు. ఆ తరువాత చేర్చిన విశేషములకు మరల డబ్బడుగలేదు. అట్టివాని వద్ద 20 శాతము తగ్గింపునకై డిసెంబరు వరకు కాచుకొనుట నాకు లజ్జాకరముగా తోచినది. పూర్తి వెలకు కొని, ఆ రాత్రియే విత్తులు చల్లితిని.

మేనల్లుని సంగతి చెప్పి ముగింతును. పోయిన శరత్కాలపు తగ్గింపులో వాడు పదునొకండు ఆటల జాబితా నాకు చదివి వినిపించెను. ఈ రాత్రి ఏది మొదలుపెట్టుదువని అడిగితిని. కొంత తర్జనభర్జన పడి, వాడొకదానిని చూపెను, దానినే కొనెను, ఆడి ముగించెను కూడ. తక్కిన పదియు జాబితాలోనే యుంచుమని చెప్పి, డిసెంబరు తగ్గింపు వచ్చిననాడు, జాబితా తెరువకుండ వాటి పేర్లు చెప్పుమంటిని. వాడు చాలసేపాలోచించి నాలుగు చెప్పెను. వానిలో ఒకదానిని కొందునని వెదకబోగా, అది నిరుడే వేరొక అంగడిలో ఉచితముగా తీసికొని మరచినదని తేలినది.